మోకాలికి అక్కడేం పని

ఇలా దగ్గరికి జరిగి కూర్చోండి. ఆ గుమ్మం దగ్గర నిలబడ్డవాళ్ళు కూడా లోపలికి రండి, ఇది అరిచి చెప్పే కథ కాదు. వెనకాల చెక్కల తొట్టి ఉండి సామాన్లు మోసే పికప్ బండ్లు చూశారు కదా, అలాంటి బండి ఒకటి. దాన్ని కన్నబిడ్డ కంటే పిసరంత ఎక్కువగా చూసుకున్న మనిషి ఒకడు. ఆ మనిషికి ఒక మధ్యాహ్నం సొంత మోకాలే ఒక సంగతి చెప్పింది. అది తెలిశాక అతని పై ప్రాణాలు పైనే పోయాయి. వినండి.

అతన్ని అందరూ నిమ్మళం అని పిలిచేవారు. అసలు పేరు ఏదో ఉండే ఉంటుంది, పెళ్ళాం కూడా మరిచిపోయింది. ఎవరు తొందరపెట్టినా "నిమ్మళంగా, నిమ్మళంగా" అంటాడు, అందుకని ఆ పేరు. టైల్స్ గోదాము పక్కన రేకుల పంచ కింద పికప్ బండ్ల అడ్డా ఉండేది. కిరాయి దొరికేదాకా బండ్లవాళ్ళు అక్కడే పాత టైర్ల మీద కూర్చుని, టీ తాగుతూ, ఒకరి బండిని ఒకరు ఎగతాళి చేసుకుంటూ పొద్దు పుచ్చేవారు. నిమ్మళం ఆ అడ్డాలో పాతకాపు.

అతని బండి నీలం రంగుది. రంగు ఎప్పుడో వెలిసిపోయి, ఉతికి ఉతికి పాతబడ్డ చొక్కాలా ఉండేది. దానికి అతను చేయించని సింగారం లేదు. బరువుకు కుంగకుండా వెనక అదనపు స్ప్రింగు పట్టీలు వేయించాడు. తొట్టికి పక్క చెక్కలు ఎత్తు కట్టించాడు. తలుపు పిడి ఊడిపోతే బీరువా పిడి బిగించాడు. పాత సోఫా చింపి సీటు కుట్టించాడు. దాన్ని "మా చిన్నది" అనేవాడు. పెద్దది ఎవరంటారా, కన్నకూతురు. "నాన్నా, చిన్నదానికి నూనె మార్పించావు సరే, పెద్దదానికి చెప్పులు తెగిపోయాయి, చూశావా?" అని ఆ పిల్ల చిన్నప్పటి నుంచీ దెప్పేది. ఇప్పుడు ఆ పిల్లకు పెళ్ళయింది. బట్టలు కుట్టే దుకాణంలో పని చేస్తోంది. మొగుడు ఒక పెద్ద అంగడివాళ్ళ కొత్త వ్యాను నడుపుతాడు.

అల్లుడితో నిమ్మళానికి అంతగా పొసగదు. కొట్లాటేమీ లేదు. "మీరు" అంటాడు, "అల్లుడు గారూ" అంటాడు, కుర్చీ వేస్తాడు. మర్యాదంతా నిండుగానే ఉంటుంది, మనసే ఎడంగా ఉంటుంది. మెత్తగా పోయే కొత్త వ్యాను నడిపేవాడికి బండి కష్టం ఏం తెలుస్తుంది అని అతని బాధ.

ఆ అడ్డాలో ఒక వింత మర్యాద ఉండేది. ఎవరి బండి లోపం వాళ్ళు నోరు తెరిచి చెప్పరు. చెబితే కిరాయి పోతుంది, పరువూ పోతుంది. ఫలానా బండికి తిరకాసు ఏమిటో తెలియాలంటే పక్కబండి వాళ్ళను అడగాలి. బొంగరం అని ఒకడు ఉండేవాడు, అతని బండి స్టీరింగు ఎప్పుడూ ఒక పక్కకే లాగుతుంది. ఆ మాట బొంగరం ఎన్నడూ అనలేదు, అడ్డా అంతా అంటుంది. పాలక్క అని ఒకావిడ ఉండేది, తెల్లారకముందే పాల క్యాన్లు వేసి వచ్చేస్తుంది. పెద్దాచిన్నా అందరికీ ఆవిడ అక్కే. ఆవిడ బండి ఎత్తు ఎక్కిందంటే ఇంజను కుండలా ఉడుకుతుంది. అది ఆవిడ ఒప్పుకోదు. మిగతావాళ్ళు ఊరుకోరు.

ఇంతకీ ఆ రోజు ఏమైందంటే, నిమ్మళం కంటికి ఆపరేషన్ అయ్యి ఒక కన్నుకు కట్టు ఉంది. డాక్టరు బండి ముట్టవద్దన్నాడు. గుట్ట అవతల ఇల్లు కట్టుకుంటున్న వాళ్ళకు టైల్స్ పెట్టెలు ఆ రోజే చేరాలి, తాపీవాళ్ళు కాచుకుని కూర్చున్నారు. అల్లుడికి సెలవు. "నేను తీసుకెళ్తాను మావయ్యా" అని వాడే వచ్చాడు. మంచి పిల్లాడే, అడక్కుండా వచ్చాడు.

పొద్దున్నే తాళం చెవి తీసుకుంటూ అడిగాడు కూడా.

"మావయ్యా, బండిలో నేను తెలుసుకోవాల్సిన తిరకాసులు ఏమన్నా ఉన్నాయా?"

ఆ మాట నిమ్మళానికి చురుక్కుమని తగిలింది. పెళ్ళికి ముందు పిల్లకు ఏమైనా రోగాలు ఉన్నాయా అని అడిగినట్టు వినబడింది.

"మా చిన్నదానికి తిరకాసు లేదండీ అల్లుడు గారూ," అన్నాడు. "మీకు ఆ బొమ్మ వ్యాను అలవాటు. మనిషి నడిపే బండి కొత్త. అంతే తేడా."

"చేతి బ్రేకు కనబడటం లేదు?"

"అది అడ్డమని కోసి పారేశాను. ఆపినప్పుడు చక్రం కింద చెక్క దిమ్మ పెట్టండి. అదిగో, కాళ్ళ దగ్గరే ఉంది."

అల్లుడు దిమ్మను చూసి, మావయ్యను చూసి, ఇంకో మాట అడగకుండా బండెక్కాడు. గోదాములో వంతు వచ్చి టైల్స్ ఎక్కించేసరికి మధ్యాహ్నమైంది. తాడు బిగించుకుని, గుట్ట దారి పట్టాడు.

బండి వెళ్ళాక నిమ్మళం అడ్డాలో కూర్చున్నాడు. చేతిలో పని లేదు, కంట్లో దురద, నోటికి మాత్రం తీరిక లేదు. పాలక్క, బొంగరం కూడా ఉన్నారు. మాటలు ఎక్కడెక్కడో తిరిగి బండ్ల మీదికే వచ్చాయి.

"నీ బండి ముందర పోతుంటే నా మెడ పట్టేస్తుందయ్యా," అన్నది పాలక్క బొంగరంతో. "రోడ్డు మీద పోతున్నట్టు ఉండదు. పక్కింట్లో ఏం వండుకున్నారో తొంగిచూస్తున్నట్టు ఉంటుంది."

"నీ బండి సంగతో? వైపరు వేస్తే హారను మోగుతుంది. వాన పడిన రోజున వీధి వీధంతా బయటికొచ్చి నిలబడుతుంది, ఎవరి ఊరేగింపో అని."

"మోగనీ. నాకు ఒక మీట నొక్కే పని తప్పింది. నీ క్లచ్ పలకలు మార్చీ మార్చీ ఆ మెకానిక్కు ఆ డబ్బుతోనే మేడ లేపాడు."

నిమ్మళం పొట్ట పట్టుకుని నవ్వాడు. "మీ ఇద్దరి బండ్ల తప్పులూ కలిపితే ఇంకో బండికి కూడా సరిపోతాయి. మా చిన్నదాన్ని చూడండి. ఇన్నేళ్ళలో ఒక్కసారి నన్ను నడిరోడ్డు మీద నిలబెట్టిందా?"

"నిలబెట్టడానికి దానికి చేతి బ్రేకు ఏదీ?" అన్నాడు బొంగరం. "మంచి బ్రేకును రంపం పెట్టి కోసినవాడివి నువ్వొక్కడివే."

"అడ్డంగా ఉందిరా. అందుకే కోశా."

"దేనికి అడ్డం?" అన్నది పాలక్క.

"మోకాలికి."

"మోకాలికి అక్కడేం పని?"

ఆవిడ ఎగతాళికే అడిగింది. నిమ్మళం జవాబు చెప్పబోయాడు. నిజమే, మోకాలికి అక్కడ ఏం పని? చెప్పలేక, చూపిద్దామనుకున్నాడు. టైరు మీద కూర్చున్నవాడు కూర్చున్నట్టే రెండు చేతులూ స్టీరింగు పట్టినట్టు పట్టాడు. గుట్ట దిగుతున్నట్టు ఊహించుకున్నాడు. చెయ్యి రెండో గేరులోకి నెట్టింది. నెట్టిందో లేదో, కాలు దానంతట అది పక్కకు జరిగి, లేని గేరు కడ్డీకి మోకాలు ఆనించి, గట్టిగా అదిమి పట్టింది. అతను చెప్పలేదు. అదే వెళ్ళింది, పిలవకుండా వచ్చే పెంపుడు కుక్కలా.

"అదేంటన్నా?" అన్నది పాలక్క.

"ఏది?"

"నీ కాలు."

నిమ్మళం కిందికి చూశాడు. ప్యాంటుకు ఆ మోకాలి దగ్గర మాసిక ఉంది. అతని ప్యాంట్లు అన్నిటికీ అక్కడే మాసిక. "ఎక్కడ పాకుతావయ్యా నువ్వు, ఎప్పుడూ ఈ ఒక్క మోకాలే చిరుగుతుంది" అని ఇంట్లో ఆవిడ సణుగుతూ కుడుతూ ఉంటుంది.

బొంగరం నవ్వు ఆపేశాడు. పాలక్క టీ గ్లాసు కింద పెట్టింది.

"రెండో గేరు జారుతుందా అన్నా దానికి?"

"జారదు. ఎప్పుడూ జారలేదు."

"మోకాలు తీస్తే?"

మోకాలు తీసింది ఎప్పుడు? అతను వెనక్కి వెనక్కి వెతుక్కున్నాడు. ఎప్పుడో చాలా కాలం కింద, బరువుతో గుట్ట దిగుతుంటే రెండో గేరు టప్పున ఊడి వచ్చింది. ఆ రోజుకు మోకాలు అడ్డం పెట్టి దిగాడు. రేపు చూపిద్దాంలే అనుకున్నాడు. మర్నాడు ఏదో కిరాయి తగిలింది. ఆ తర్వాత మోకాలే ఆ పని చేసుకుపోయింది. చదునులో జారదు, ఖాళీ బండికి జారదు, మెకానిక్కు తిప్పి చూసినా పట్టుబడదు. బరువుతో దిగితేనే జారుతుంది. దిగినప్పుడల్లా మోకాలు అక్కడే ఉంది. చేతి బ్రేకు మోకాలికి గుచ్చుకుంటోందని కోసేశాడు. కోసినవాడికి, అసలు మోకాలు అక్కడికి ఎందుకొచ్చిందో గుర్తు లేకపోయింది.

బరువుతో గుట్ట దిగేటప్పుడు బండిని పట్టి ఉంచేది ఆ గేరే. అది ఊడిపోతే బరువంతా బ్రేకుల మీద పడుతుంది. పాత బ్రేకులు వేడెక్కి మెత్తబడిపోతాయి. చేతి బ్రేకు లేదు. ఇది ఆ ముగ్గురిలో ఎవరూ ఎవరికీ చెప్పక్కర్లేదు.

నిమ్మళం ముఖంలో నెత్తురు చుక్క లేదు. "పిల్లాడు," అన్నాడు.

ఫోను తీశాడు. ఒక కన్నుతో అంకెలు అలుక్కుపోయి కనిపించాయి, పాలక్కే నొక్కిపెట్టింది. అందుబాటులో లేరంది. మళ్ళీ నొక్కింది. గుట్ట మీద సిగ్నలు ఉండదని అందరికీ తెలుసు, అయినా నొక్కుతూనే ఉంది. అల్లుడి దగ్గర ఇంకో నంబరు ఏదైనా ఉందేమో అని కూతురికి చేశాడు. అవతల కుట్టు మిషన్ల చప్పుడు.

"ఏం నాన్నా, గొంతు అలా ఉందేం?"

"ఏం లేదమ్మా. మీ ఆయనకు ఇంకో నంబరు ఉందా?"

"లేదే. ఎందుకు, మళ్ళీ ఏమన్నా అనుకున్నారా ఇద్దరూ?"

"లేదమ్మా. లేదు. టీ తాగుతున్నాం."

"నీ మాట తేడాగా ఉంది నాన్నా."

ఫోను పెట్టేశాడు. కూతురితో అబద్ధం ఆడటం అదే మొదలు కాదు, కానీ ఇంత పెద్దది ఎన్నడూ ఆడలేదు.

పాలక్క అప్పటికే బండెక్కి ఇంజను ఆన్ చేసింది. "ఎక్కన్నా." బొంగరం తలుపు తీసి అతన్ని లోపలికి తోశాడు. "గుట్ట మీద పంక్చర్ల కొట్టుకు లైను ఫోను ఉంది. నంబరు ఎవరి దగ్గరన్నా దొరుకుతుంది, నేను కనుక్కుంటా. మీరు పోండి."

ఊరు దాటేదాకా ఒకటే అడ్డంకులు. ముందర ఇనప చువ్వలు వేసుకున్న పొడుగు ట్రాలీ ఒకటి, నిండు చూలాలిలా కదులుతోంది. పాలక్క హారను కొట్టింది, పలకలేదు. వైపరు వేసింది, మోగింది. ఎండలో, పొడి అద్దం మీద వైపరు కీచుమంటూ అటూ ఇటూ కొట్టుకుంటుంటే, ఆ హారనుకు ట్రాలీవాడు చెయ్యి బయటపెట్టి ఆగమన్నాడు గాని దారి ఇవ్వలేదు.

"పోనీ అక్కా, పక్క నుంచి పోనీ."

"ఎదురుగా బస్సొస్తోంది. మనమే పోతే ఆ పిల్లాడికి ఎవరు చెబుతారు? నిమ్మళంగా ఉండు."

ఆ మాట తనకే ఇంకొకరు చెప్పడం అతనికి అదే మొదలు. విని పళ్ళు బిగబట్టాడు. కాలు మాత్రం ఊరుకోలేదు. పాలక్క గేరు మార్చినప్పుడల్లా ఇటు నుంచి అతని మోకాలు ఉలిక్కిపడి జరుగుతోంది. దాన్ని రెండు చేతులతో పట్టుకుని, దొంగను పట్టుకున్నట్టు అణిచి కూర్చున్నాడు.

గుట్ట ఎక్కడం మొదలైంది. కాసేపటికే ఇంజను వేడి ముల్లు ఎర్ర గీత వైపు పాకింది. పాలక్క ఇక దాచుకోలేదు. "ఇది ఎత్తెక్కితే ఉడుకుతుందన్నా. హీటరు వెయ్యాలి, ఆ వేడి లోపలికి లాక్కుంటే ఇంజను బతుకుతుంది. ఓర్చుకో." మండుటెండలో హీటరు పూర్తిగా తిప్పింది. పొయ్యిలోంచి వచ్చినట్టు వేడి గాలి ముఖాన కొట్టింది. చెమట కట్టు కిందికి దిగి ఆపరేషన్ అయిన కన్ను భగ్గుమంది. తుడుచుకోకూడదన్నారు. తుడుచుకోలేదు. ఆ మంట తనకు తగిందే అనిపించింది.

ఒక మలుపు దగ్గర, ఇంకా సిగ్నలు ఉన్న చోట, బొంగరం ఫోను వచ్చింది.

"దొరికిందన్నా నంబరు. కొట్టు అతనితో మాట్లాడా. పిల్లాడు అక్కడే ఆగాడంట, టీ తాగాడంట, రేడియేటరులో నీళ్ళు పోసుకున్నాడంట."

"అక్కడే ఉన్నాడా? ఆపమను. కట్టేసైనా ఆపమను."

"నేను చేసేసరికే కదిలాడన్నా. వెనకాల పరుగెత్తమన్నా, అతను పరుగెత్తాడు కూడా." ఇంకా ఏదో అన్నాడు, గరగరమని తెగిపోయింది.

గుట్ట మీద పంక్చర్ల కొట్టు అతను రోడ్డు మధ్యలోనే నిలబడి ఉన్నాడు, రొప్పుతూ, చేతుల నిండా మసితో. పాలక్క ఆపీ ఆపకముందే కిటికీ దగ్గరికి వచ్చాడు.

"పరుగెత్తానండీ. చేతులు రెండూ ఊపాను. అద్దంలో చూశాడు నన్ను. చూసి, ఆయన కూడా చెయ్యి బయటపెట్టి ఊపాడు. వెళ్ళొస్తానన్నట్టు. మంచి పిల్లాడండీ, హారను కూడా కొట్టాడు."

నిమ్మళం ఆ మాట విని ఏడవలేదు. ఏడుపు రావడానికి కూడా లోపల చోటు లేదు. చెయ్యి ఊపి వెళ్ళిన పిల్లాడు. తను పొద్దున ఎదురుగా నిలబడి కూడా చెయ్యి ఊపలేదు. బీరువా పిడి గట్టిగా లాగొద్దు, ఊడొస్తుంది అని మాత్రం అన్నాడు.

దిగుడు మొదలైంది. ఒక పక్క కొండ, ఒక పక్క లోయ. పాలక్క రెండో గేరులో, కాలు బ్రేకు మీద సుతారంగా పెట్టి దిగుతోంది. మొదటి మలుపు తిరిగాక రోడ్డు మీద ఏమీ లేదు. రెండో మలుపులో ఏదో మెరిసింది.

"ఏంటక్కా అది? నాకు కనబడటం లేదు. చెప్పు."

పాలక్క చెప్పలేదు. చక్రాల కింద కరకరమన్నాక అతనికే తెలిసింది. పగిలిన టైల్స్ ముక్కలు. ఆ తర్వాత వాసన వచ్చింది, కాలిన బ్రేకు వాసన, మాడిన రబ్బరు, మాడిన ఇనుము కలిసిన వాసన. బండ్లవాళ్ళు ఆ వాసనను జన్మలో మరిచిపోరు.

నిమ్మళం చెయ్యి తలుపు పిడి మీదికి పోయింది.

"చెయ్యి తియ్యన్నా. దూకి ఏం చేస్తావు, నా బండి కంటే వేగంగా పరుగెత్తుతావా?"

"పోనీలే అక్కా. చిన్నది పోనీ. ముక్కలు ముక్కలైపోనీ. లోయలో పడి తుక్కయిపోనీ. వాడు మిగిలితే చాలు." ఎవరితో అంటున్నాడో అతనికే తెలియలేదు. అల్లుణ్ణి వాడు అనడం ఆ రోజే, చనువు వచ్చింది ఆ భయంలోనే.

లోయ వైపు రోడ్డు అంచున వేసిన ఇనప కడ్డీలను మలుపు మలుపుకూ వెతికాడు, ఒంటి కంటితో, ఎక్కడ విరిగి ఉంటాయో అని. ప్రతి మలుపులోనూ విరగకుండా ఉన్నాయి. దానికి సంతోషించే ధైర్యం కూడా లేదు. ఇంకో మలుపు ఉంది కదా ముందు. మనసులో కూతురికి చెప్పే మాటలు పేర్చుకుంటున్నాడు. అమ్మా, నేను. అమ్మా, బండి. ఎలా మొదలుపెట్టినా ఆ పిల్ల ఒక్కటే అడుగుతుంది, నీకు తెలుసా నాన్నా అని. దానికి జవాబు పేర్చలేకపోతున్నాడు.

"అదిగో," అన్నది పాలక్క.

కొండ వైపు రాతిగోడకు పొడుగ్గా ఒక నీలం గీత పడి ఉంది, సుద్దముక్కతో పిల్లలు గీసినట్టు. ఆ గీత చివర చిన్నది. ఒక పక్క మొత్తం లోపలికి నొక్కుకుపోయి, ముందు చక్రం కాలవలో దిగబడి, పొగలు కక్కుతోంది. తొట్టి చెక్కలు విరిగి టైల్స్ పెట్టెలన్నీ రోడ్డు మీద కుప్పపోశాయి. దాని చుట్టూ ఇద్దరు ముగ్గురు బాటసారులు. వాళ్ళ కాళ్ళ సందున, రోడ్డు అంచున కూర్చుని ఉన్నాడు అల్లుడు. ఒక కాలు చాచుకుని ఉంది. ఆ పాదం ఉండాల్సిన వైపు లేదు.

బతికి ఉన్నాడు.

నిమ్మళం దిగి నడవబోయాడు, ఒంటి కంటితో అడుగు తప్పి టైల్స్ ముక్కల మీదే జారిపడి, పాక్కుంటూ వెళ్ళాడు. అతన్ని చూసి అల్లుడు లేవబోయాడు. అంత నొప్పిలోనూ మావయ్య వస్తే లేవాలన్న మర్యాద. చెప్పిన మొదటి మాట ఇది:

"తప్పయిపోయింది మావయ్యా. మీ చిన్నదాన్ని పాడుచేశాను."

నిమ్మళం లేవొద్దని చేత్తో సైగ చేశాడు.

"రెండో గేరులోనే దిగుతున్నాను మావయ్యా, మెల్లగా. అది ఎప్పుడు ఊడిందో తెలియలేదు. నేనే సరిగ్గా వెయ్యలేదేమో. మళ్ళీ వేద్దామంటే గరగరమంది గాని పడలేదు. బ్రేకు కాసేపు పట్టింది, తర్వాత కాలు కింద మెత్తగా దిగిపోయింది. చేతి బ్రేకు కోసం చెయ్యి పోయింది. లేదని మీరు చెప్పారు. చెప్పినా చెయ్యి పోయింది. ఇక దారి లేక కొండకు రాసేశాను." కాస్త ఆగి, సిగ్గుపడుతూ అన్నాడు, "అడ్డాలో చెప్పకండి. వ్యాను తప్ప బండి నడపడం రాదంటారు."

ఒక్క క్షణం. ఒక్క క్షణం నిమ్మళానికి దారి దొరికింది. ఊరుకుంటే చాలు. పిల్లాడే ఒప్పుకుంటున్నాడు, గేరు సరిగ్గా వెయ్యలేదని. బండి ఎలాగూ తుక్కయింది, ఇక అందులో ఎవరూ ఏమీ చూడబోరు. కూతురు మొగుడినే నాలుగు తిడుతుంది, తర్వాత కళ్ళు తుడుచుకుంటుంది.

పాలక్క అతని ముఖం చూసింది. అడ్డా మర్యాద ఆవిడకు తెలుసు. సొంతదారు చెప్పలేనిది పక్కబండివాళ్ళు చెప్పాలి. వంగి, "బాబూ, ఆ బండికి అసలు," అని మొదలుపెట్టింది.

"నువ్వు చెప్పకక్కా," అన్నాడు నిమ్మళం. "ఇది పక్కవాళ్ళు చెప్పేది కాదు."

అల్లుడి చెయ్యి పట్టుకున్నాడు. పెళ్ళిలో తప్ప ఆ చెయ్యి ఎన్నడూ పట్టుకోలేదు.

"నువ్వు గేరు సరిగ్గానే వేశావు నాయనా. అది జారుతుంది. బరువుతో దిగితే జారుతుంది. ఏళ్ళ తరబడి నా మోకాలు దాన్ని పట్టుకుని ఉంది. నీకు చెప్పలేదు. పొద్దున నువ్వు అడిగావు కూడా. అడిగితే నేను నీ వ్యానును ఎత్తిపొడిచాను."

బాటసారుల్లో ఎవరో నీళ్ళ సీసా ఇస్తే అల్లుడు తాగలేదు, పట్టుకుని కూర్చున్నాడు. మావయ్య ముఖం మీది కట్టును, దాని కింద నీరు కారుతున్న చెంపను చూశాడు. తర్వాత అడిగాడు, మెల్లగా, కోపం లేకుండా. కోపం ఉన్నా బాగుండేది.

"తెలిసే ఇచ్చారా మావయ్యా?"

ఆ ప్రశ్న కోసమే నిమ్మళం దారి పొడుగునా భయపడ్డాడు. తీరా వచ్చాక జవాబు ఒక్కటే ఉంది, అది నమ్మేటట్టు లేదు.

"నా కాలికి తెలుసు. నాకు తెలియలేదు. నమ్మమని నేను అనలేను."

అప్పుడు ఫోను మోగింది. కొండ దిగువకు సిగ్నలు అందింది. కూతురు. బొంగరం ఉండబట్టలేక చెప్పేసి ఉంటాడు. నిమ్మళం తీసి, "అమ్మా, బతికే ఉన్నాడు. కాలు విరిగింది. తప్పు బండిది, బండి నాది," అన్నాడు. అవతల కుట్టు మిషన్ల చప్పుడు కూడా లేదు. "ఆయనకు ఇవ్వు," అన్నది. నాన్నా అనలేదు.

పాలక్క బండి తొట్టిలో ఖాళీ పాల క్యాన్లు పక్కకు జరిపి, గోతాలు పరిచి, పిల్లాణ్ణి పడుకోబెట్టి ఆసుపత్రికి దింపారు. నిమ్మళం తొట్టిలోనే కూర్చుని, ఆ విరిగిన కాలు కుదుపులకు కదలకుండా దారంతా తన ఒళ్ళో పెట్టుకుని పట్టుకున్నాడు.

పొద్దు వాలకముందే కూతురు వచ్చింది. మెడలో కొలత టేపు అలాగే వేలాడుతోంది. తండ్రి పక్క నుంచే నడిచి వెళ్ళి మొగుడి మంచం మీద కూర్చుంది. తండ్రి వంక చూడలేదు. అతను గోడకు ఆని నిలబడ్డాడు, కుర్చీ ఉన్నా కూర్చోలేదు. ఆ గదిలో ఆ సాయంత్రం ఎవరూ ఎవర్నీ క్షమించలేదు. అంత తొందరగా అయ్యే పని కాదది.

కాలికి కట్టు వేసి డాక్టరు వెళ్ళిపోయాక, అల్లుడు కళ్ళు మూసుకునే అడిగాడు.

"ఇంకేమున్నాయి మావయ్యా? ఆ బండిలో."

"ఇప్పుడు ఎందుకు నాయనా, అది తుక్కు కదా."

"చెప్పండి. నేను దాన్ని నడిపాను కదా."

నిమ్మళం గొంతు సవరించుకున్నాడు. ఏ బండివాడూ చెయ్యని పని చెయ్యబోతున్నవాడిలా తలుపు వంక ఒకసారి చూశాడు. తర్వాత మొదలుపెట్టాడు. చలికి మొదటిసారి ఇంజను అందుకోదు, తాళం తిప్పి కాస్త ఆగాలి. డీజిలు ముల్లు ఎప్పుడూ సగమే చూపిస్తుంది, నమ్మకూడదు. ఎడమ తలుపు లోపలి నుంచి తెరుచుకోదు. బరువు ఎక్కువైతే పట్టీలు ఒక పక్కకు ఒరుగుతాయి. వెనక దీపం తడిస్తే ఆరిపోతుంది. ఒక్కొక్కటే చెబుతుంటే ఇంకొకటి గుర్తొస్తోంది, చెప్పేకొద్దీ ఊరుతున్నాయి. సిగ్గేస్తున్నా ఆపలేదు. అల్లుడు ఊకొట్టలేదు, నిద్రపోలేదు.

మధ్యలో ఒకచోట తడబడి ఆగాడు. కూతురు అటువైపే తిరిగి ఉండి, టేపు వేలికి చుట్టుకుంటూ అన్నది:

"అన్నీ చెప్పు. ఒక్కటి దాచావంటే ఊరుకోను."

ఊరుకోను అన్నది, అంటే వింటోంది. అతను మళ్ళీ అందుకున్నాడు.

ఇదీ సంగతి. నేను విన్నది విన్నట్టు చెప్పాను, నడుమ ఏమైనా జారిపోయి ఉంటే పెద్ద మనసు చేసుకోండి. మీరు దీన్ని గుర్తుపెట్టుకోండి. బండే అక్కర్లేదు, మీది ఏదైనా ఇంకొకరి చేతిలో పెట్టే రోజు వస్తుంది, ఆ రోజు మీ పిల్లలకు ఈ కథ చెప్పండి. మీ మాటల్లోనే చెప్పండి, ఎక్కువ తక్కువలైనా ఫరవాలేదు. ఆ పిల్లాడు రోడ్డు మీద కూర్చుని అడిగిన ప్రశ్న ఒక్కటి మాత్రం, అతను అడిగినంత మెల్లగా అడగండి.